అమ్మ వీపు మీద అక్షరాలు

“ఇదెవరిది?” అని మిరాన్ మళ్ళీ అడిగింది.

వరండాలో, క్యాబేజీ ఊరగాయ కిమ్చీని దాచే ఫ్రిజ్ అడుగు అర బార్లా తెరిచి ఉంది. అందులోంచి తీసిన కోటు ఆవిడ చేతిలో వేలాడుతోంది. ముదురాకుపచ్చ ఉన్ని, తెల్ల చేతులు, వీపు నిండా కుట్టిన లావుపాటి అక్షరాలు. సోయాంగ్ విశ్వవిద్యాలయం. దాని కింద కాస్త చిన్నగా, ఉద్యాన శాఖ.

చదవడం వచ్చిన వాళ్ళెవరికైనా ఆ కోటు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. మిరాన్‌కి కావలసింది అది కాదు. ఆ జవాబు కూతురి నోటి నుంచి రావాలి.

కూతురు దాసోమ్ గుమ్మంలో నిలబడి కాలి బొటనవేలితో నేల రాస్తోంది. భుజాన సంచీ అలాగే ఉంది. రోజూ పొద్దున్నే ఆ సంచీ తగిలించుకుని, చదువుకునే హాలుకి పోతున్నానని చెప్పి వెళ్తుంది. వేసవి సెలవుల్లో తల్లీకూతుళ్ళ మధ్య కుదిరిన ఒప్పందం అది. ఊళ్ళో ఆ సోయాంగ్ కాలేజీకి రెండో టర్ము సెలవు పెట్టడం, నవంబరులో ప్రవేశపరీక్ష మళ్ళీ రాయడం, సియోల్‌లో సీటు కొట్టడం. ఆ పరీక్ష ఎల్లుండి, గురువారం.

“అమ్మా, అది…”

“ఊఁ, అది?”

“చలికని తీసుకున్నా.”

“చలికని తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టావా?”

హాల్లోంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. అక్కడ పరిచిన పట్టా మీద, ఉప్పులో ఊరిన క్యాబేజీల గుట్ట మధ్య, నాన్నమ్మ కూర్చుని ఉంది. అసలు ఈ ముప్పు తెచ్చింది ఆవిడే. ఈ ఏడు కిమ్చీ పెట్టడం పరీక్ష అయ్యాకే అని మిరాన్ ఎప్పుడో శాసనం చేసింది. పల్లెలో మంచు ముందే పడితే ఆ శాసనం ఏం చేస్తుంది? చేలో ఆకు పాడైపోతుందని ముసలావిడ క్యాబేజీలన్నీ కోసి, ఉప్పులో ఊరేసి, పొరుగువాళ్ళ ట్రక్కులో పొద్దున్నే వచ్చి దిగింది.

పాత కిమ్చీ ఎండాకాలంలోనే అయిపోయింది. అప్పటి నుంచీ ఆ అడుగు అర తెరిచినవాళ్ళు లేరు. ఇంట్లో అంతకంటే మంచి చోటు ఇంకోటి లేదని దాసోమ్ అనుకుంది. నిజమే, ఇవాళ పొద్దుటిదాకా.

మిరాన్ కోటుని అటూ ఇటూ తిప్పింది. అది దొరికినప్పుడు ఎలా మడిచి ఉందో అప్పుడు గుర్తొచ్చింది. మెడ గుండీ పెట్టి, రెండు చేతులూ వీపు వెనక్కి తిప్పి ఉన్నాయి. ఈ అపార్ట్‌మెంట్లు మొత్తంలో బట్టలకి అలా చేతులు వెనక్కి కట్టి మడిచే మనిషి ఒక్కడే ఉన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ఆ మడతల మధ్యే కాపురం చేస్తోంది.

“ఏమండీ,” అంది నెమ్మదిగా.

ఆవిడ గట్టిగా అరిస్తే ఆ ఇంట్లో ఎవరికీ భయం లేదు. నెమ్మదిగా పిలిస్తేనే అందరూ తప్పుకునే దారి చూస్తారు. పొయ్యి దగ్గర పంది మాంసం ఉడికిస్తున్న దొక్సూ గిన్నెలోకి తల దూర్చినంత పని చేశాడు. అతని లాండ్రీ ఈ మేడ కిందే ఉంది. కష్టం వచ్చినప్పుడల్లా అతను అంతస్తులెక్కి బట్టల కోసం కేక వేసుకుంటూ పోతాడు.

“మూడో అంతస్తువాళ్ళు బట్టలు తీసుకెళ్ళమన్నారు. ఇప్పుడే వస్తా.”

“ఎవరూ అన్లేదు. ఇది ఉతికింది మీరేనా?”

“బట్టలు తెస్తారు, ఉతుకుతాను. ఎవరివని అడగను. అడిగితే షాపు నడవదు.”

“కన్నకూతురు తెచ్చినా అడగరా?”

“కిమ్చీ వాసన పట్టిందని తెచ్చింది పాపం. క్లాసులో ఇది పక్కన కూర్చుంటే అందరికీ ఆకలేస్తోందట.”

చెప్పాక గానీ తనేం చెప్పాడో అతనికి తెలిసిరాలేదు. గిన్నె మీద మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“క్లాసులో,” అంది మిరాన్. “అంటే సెలవు పెట్టలేదు.”

“లేదు,” అంది దాసోమ్ నేలని చూస్తూ.

“ఒక్క రోజు కూడా?”

“జ్వరమొచ్చినప్పుడు పెట్టాను.”

“మరి పరీక్ష?”

“దరఖాస్తు పెట్టానమ్మా. హాల్‌టికెట్టు కూడా వచ్చింది.”

“చదువో?”

“ఆదివారాలు హాలుకి వెళ్తున్నాగా.”

“ఆదివారాలు చదివి సియోల్ వెళ్తావన్నమాట.” మిరాన్ అత్తగారి వైపు తిరిగింది. “విన్నారా అత్తయ్యా, మీ మనవరాలి బాగోతం?”

ముసలావిడ ముల్లంగి తురుములో మిరప్పొడి కలుపుతోంది. తలెత్తలేదు. “నాకేం తెలుసే. మొన్నామధ్య వాళ్ళ మాస్టారితో, పిల్లలందరితో మా చేను చూడ్డానికొచ్చింది. అప్పుడిదే కోటు వేసుకుంది. బావుందే అన్నాను. అంతే.”

అప్పటిదాకా మిరాన్‌కి ఉన్నది కోపం. ఇప్పుడు వచ్చింది ఏడుపు. ఆవిడ దాన్ని కూడా కోపంగానే వాడుకుంది.

“అయితే అందరికీ తెలుసు. వెర్రిదాన్ని నేనొక్కదాన్నే. తెల్లారకుండా లేచి డబ్బా కట్టాను. తలకి చలవని ఏవేవో వేర్లు కాచి పోశాను. సెప్టెంబరు నించీ ఈ ఇంట్లో ఎవర్నీ ఆ మాటలు అననివ్వలేదు.”

ఆ మాటలంటే జారడం, పడిపోవడం. పరీక్ష రాసే పిల్ల ఉన్న ఇంట్లో అవి నోటితో అనకూడదు. అంటే ఆ పిల్ల పరీక్షలో అదే పని చేస్తుందట. పుట్టినరోజున ఇంటింటా కాసే సముద్రపు నాచు చారు తాగినా జారిపోతారని దాసోమ్ పుట్టినరోజుకి కూడా మిరాన్ అది కాయలేదు. ఉల్లిపాయల ధర పడిపోయిందన్నందుకు దొక్సూ ఒక పూట అన్నం పోగొట్టుకున్నాడు.

“నువ్వు సియోల్ వెళ్ళకపోతే నేనేం చచ్చిపోను. అది కాదే నా బాధ,” అంది మిరాన్. “నా మొహం చూసి ఒక్కసారి, అమ్మా నాకిష్టం లేదు అనలేకపోయావు. మీ నాన్నకి చెప్పుకున్నావు. నాన్నమ్మకి చూపించుకున్నావు. ఆఖరికి ఫ్రిజ్‌ని కూడా నమ్మావు. నేనేమన్నా పులినా?”

కాదని ఎవరూ అనలేదు. అనాల్సింది.

“సరే అయితే,” అంది మిరాన్. “ఎల్లుండి వెళ్ళి రాస్తావు. ఇంకో మాట లేదు.”

దాసోమ్ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, భుజం మీది సంచీ కింద పెట్టింది.

కాలేజీలో అడుగు పెట్టి ఏడాది కావస్తోంది. ఆ పిల్ల ఏమీ నేర్చుకోలేదని కాదు. మొక్కకి అంటు కట్టడం నేర్చుకుంది. నలుగురూ కలిసి చేయాల్సిన పనిని తన నెత్తిన పడేసి మాయమైనవాళ్ళ పేర్లు మాస్టారికిచ్చే కాగితంలోంచి కొట్టేయడం నేర్చుకుంది. పెద్ద తరగతివాళ్ళు సారా గ్లాసు చేతికిస్తే, నవ్వుతూనే బల్ల మీద పెట్టేయడం నేర్చుకుంది. తల్లికి వద్దని చెప్పడం మాత్రం రాలేదు. అది ఏ కాలేజీలోనూ చెప్పరు.

సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది.

“ఉన్నారా? చేతి తొడుగులు తెచ్చుకున్నానర్రోయ్,” అని బయటి నుంచి గొంతు వినపడింది.

పై అంతస్తు ఇన్సో వాళ్ళమ్మ. ఏటా కిమ్చీకి ఒకరింటికొకరు సాయం వెళ్ళడం వాళ్ళిద్దరికీ అలవాటు. ఆవిడ కొడుకూ దాసోమూ ఒకే ఏడు పరీక్ష రాశారు. వాడు సియోల్ వెళ్ళాడు. అప్పటి నుంచీ మిరాన్ మెట్ల మీద ఆవిడ ఎదురైనప్పుడల్లా, మా పిల్ల రాత్రింబవళ్ళు చదువుతోందని చెప్తూ వస్తోంది.

చేతిలో కోటు. గదుల నిండా బకెట్లు. దాసోమ్ చెయ్యి చాచింది గానీ మిరాన్ ఇవ్వలేదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి కోటు తనే తొడిగేసుకుంది. మీద నుంచి ఎర్ర ఏప్రాన్ కట్టింది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. వీపు గోడకి ఆనించి, మొహానికి నవ్వు తగిలించి, “రండక్కా,” అంది.

ఇన్సో వాళ్ళమ్మ ఒక చేత్తో తొడుగులు, ఇంకో చేత్తో బంక బియ్యం పిండి వంటల పెట్టె పట్టుకుని వచ్చింది. “ఇదిగో దాసోమూ, ఇవి తిని వెళ్ళు. ఎక్కడ సీటుంటే అక్కడ అతుక్కుపోతావు. ఇదేంటి దాసోమ్ అమ్మా, ఇంట్లో కోటేసుకున్నావు? నేల కాలిపోతోందిగా.”

“చలిజ్వరమక్కా.”

“ఇందాక లేదే,” అంది నాన్నమ్మ.

“ఇప్పుడే వచ్చిందత్తయ్యా.”

అందరూ క్యాబేజీల చుట్టూ చేరారు. మిరాన్ గోడకి అంటుకుని కూర్చుంది. ఏదన్నా అందుకోవాలంటే పీతలా పక్కకి జరిగి అందుకుంటోంది. కింద వేడినీళ్ళ గొట్టాలతో కాగుతున్న నేల, ఒంటి మీద ఉన్ని, ఎదురుగా ఇన్సో వాళ్ళమ్మ. నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది.

“నిజంగానే జ్వరమే పాపం,” అంది ఇన్సో వాళ్ళమ్మ. “అయినా ఎల్లుండి పరీక్ష పెట్టుకుని పిల్లని కారంలో కూర్చోబెట్టావేంటి?”

“బుర్రకి కాస్త గాలి తగులుతుందని.”

దాసోమ్ ఏమీ మాట్లాడకుండా ఆకు తర్వాత ఆకు ఎత్తి, మధ్యలో కారం పూస్తోంది. తల్లి కూతుర్ని చూస్తోంది. కూతురు ఆకుని చూస్తోంది. ఆ మౌనం ఇన్సో వాళ్ళమ్మకి పరీక్ష భయంలా కనపడింది. ధైర్యం చెప్పాలనుకుంది.

“సియోల్ అంటే భయపడకమ్మా. మా ఇన్సో బాగానే ఉన్నాడు. ఏముంది, పొద్దున్న లేస్తాడు, వెళ్తాడు, వస్తాడు.” ఒక ఆకు తిరగేసింది. “అన్నం మటుకు ఒక్కడే తింటాడట. ఫోన్ ముందు పెట్టుకుని. ఎవరితోనన్నా కలిసి తినరా అంటే, ఇక్కడ అందరూ ఇంతేనమ్మా అంటాడు.”

“నేనూ మొదట్లో అంతే పెద్దమ్మా,” అంది దాసోమ్.

అది చెప్పాలని చెప్పలేదు. నోరు జారింది. ఆ మాట ఇంట్లో అనకూడదు గానీ జరిగింది మాత్రం అదే.

“మొదట్లో అంటే?” అంది మిరాన్.

“మార్చిలో. కొత్తగా చేరాను, నాకక్కడెవరూ తెలీదుగా. మొక్కలు పెంచే గాజు షెడ్డు వెనక మెట్లున్నాయి. నువ్వు కట్టిన డబ్బా అక్కడ కూర్చుని తినేదాన్ని. వానొస్తే బాత్రూంలో.”

మిరాన్ చేతిలో ముల్లంగి తురుము అలాగే ఉండిపోయింది. “రోజూ ఖాళీ డబ్బా తెచ్చి, స్నేహితులకి కూడా పెట్టానని చెప్పేదానివి కదే.”

“నువ్వు బాధపడతావని.”

దొక్సూ పొయ్యి కట్టేశాడు.

“తర్వాత ఒకక్క చూసింది. పై తరగతి. ఏయ్, ఇక్కడేం చేస్తున్నావ్, రా అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి వేడివేడి పులుసన్నం పెట్టించింది. మర్నాడు ఇంకో అన్న. ఆ నెలంతా ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు. నాకు సిగ్గేసి, ఈసారి నేను పెడతానక్కా అన్నాను. తిట్టింది. నాకు తిరిగి పెట్టకూడదు, వచ్చే మార్చిలో మెట్ల మీద ఒక్కతీ కూర్చుని తినే పిల్ల ఉంటుంది చూడు, దాన్ని వెతికి పెట్టు, అంది.”

నాన్నమ్మ ఓ లేత ఆకు తుంచి, దాంట్లో మాంసం ముక్క, కారం పెట్టి చుట్ట చుట్టింది.

“మంచి పద్ధతే,” అంది ఇన్సో వాళ్ళమ్మ. “అయ్యో, కానీ వచ్చే మార్చికి నువ్వు సియోల్‌లో ఉంటావుగా. మరి ఆ పిల్లకెవరు పెడతారు?”

ఆవిడ ఏ దురుద్దేశం లేకుండా అడిగింది. పూర్తి అమాయకత్వంతో అడిగిన ప్రశ్నకి తప్పించుకునే దారి ఉండదు. దాసోమ్ తల్లి వైపు చూసింది. చెప్పాలని పెదవి కదిలింది. ఈలోగా నాన్నమ్మ ఆ ఆకు చుట్ట తెచ్చి ఆ నోట్లో కుక్కేసింది. పిల్ల నోరు నిండిపోయింది.

“ఉప్పులో ఊరేసిన రొయ్యలు తక్కువయ్యాయి,” అంది నాన్నమ్మ రుచి చూసుకుని. “అమ్మాయ్, వరండాలో జాడీ ఉంది, అందుకో.”

“దాసోమ్ తెస్తుందత్తయ్యా.”

“దాని చేతులు మోచేతుల దాకా కారం. దొక్సూకేమో ఏ జాడీ ఏదో పెళ్ళినాటి నుంచీ తెలీదు. నువ్వే లే.”

లేవక తప్పలేదు. మిరాన్ గోడ వెంబడి లేచి, మొహం ఇన్సో వాళ్ళమ్మ వైపే ఉంచి, నవ్వుతూ, వెనక్కి వెనక్కి నడవడం మొదలెట్టింది.

“అదేం నడక?” అంది ఇన్సో వాళ్ళమ్మ.

“నడుం పట్టేసిందక్కా. ఇలా నడిస్తే హాయిగా ఉంది.”

వరండా గుమ్మం దగ్గర క్యాబేజీల నుంచి కారిన ఉప్పునీళ్ళు మడుగు కట్టాయి. అది మిరాన్‌కి తప్ప అందరికీ కనపడుతోంది.

“దాసోమ్ అమ్మా, జాగ్రత్త, అక్కడ నువ్వు… అదీ…” అంది ఇన్సో వాళ్ళమ్మ. పరీక్ష ఇంట్లో ఏ మాట అనకూడదో ఆవిడకీ తెలుసు.

“ఏమోయ్, కాలు… కాలు అదవుతుంది,” అన్నాడు దొక్సూ. అన్నం పోయిన పూట అతను మరిచిపోలేదు.

దాసోమ్ నోట్లో మాంసం ఉంది. చేతులూపింది.

“జారి పడతావే,” అంది నాన్నమ్మ, రెండు మాటలూ కలిపి ఒకేసారి.

అప్పటికి ఆలస్యమైంది. మిరాన్ మడమ సర్రున పోయింది. ఆవిడ గాలిలో అర చుట్టు తిరిగి, వరండా గుమ్మాన్ని రెండు చేతులా కావలించుకుని, పడకుండా నిలబడింది. దెబ్బేమీ తగల్లేదు. కాకపోతే ఇప్పుడు ఆవిడ మొహం వరండా వైపుంది, వీపు హాలు వైపుంది.

“సోయాంగ్ విశ్వవిద్యాలయం,” అని ఇన్సో వాళ్ళమ్మ కూడబలుక్కుని చదివింది. “ఉద్యాన శాఖ. ఇదెవరిది?”

గుమ్మాన్ని పట్టుకున్న మనిషి కదల్లేదు. ఆ ప్రశ్న ఇంతకుముందు తనే అడిగింది. ఇప్పుడది తిరిగొచ్చి తన వీపు మీదే వాలింది.

“అదేం లేదు వదినగారూ, షాపుకొచ్చిన బట్ట…” అని దొక్సూ అందుకున్నాడు.

“మా అమ్మాయిది,” అంది మిరాన్.

ఇటు తిరిగింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. “మా అమ్మాయి కాలేజీ కోటు. వెచ్చగా ఉందని వేసుకున్నా.”

“మరి సెలవు పెట్టిందన్నావు? ఎల్లుండి పరీక్షకి వెళ్తోందా లేదా?”

“ఆ సంగతి దాన్నే అడగండక్కా. అన్నిటికీ దాని తరఫున నేనే చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.”

తనేం మాటన్నదో ఆవిడ గమనించలేదు. మిగిలిన అందరూ విన్నారు. దొక్సూ అయితే గరిటె పట్టుకుని భార్యని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు అందరి కళ్ళూ దాసోమ్ మీద పడ్డాయి. ఆ పిల్ల బుగ్గ నిండా ఆకు, మాంసం, కారం. నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికో దేనికో చెప్పడం కష్టం.

“తొందరేం లేదు, మెల్లిగా మింగు,” అంది నాన్నమ్మ.

మింగింది. తొడుగులు తీసి పళ్ళెంలో పెట్టింది. ఇన్సో వాళ్ళమ్మకి జవాబు చెప్పలేదు. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఉప్పునీళ్ళ మడుగు దాటి, తల్లి ముందు నిలబడింది. బొటనవేలు నేల రాయబోయింది. ఆపుకుంది.

“అమ్మా, నాకిష్టం లేదు,” అంది తల్లి మొహంలోకి చూస్తూ. “గురువారం నాకు క్లాసుంది.”

ఇంతే మాట. దీనికోసమే ఒక కోటు ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌లో కాపురం చేసింది.

మిరాన్ కూతురి మూతికి అంటిన కారాన్ని కోటు చేత్తో తుడవబోయి, తెల్ల చెయ్యి కదా అని ఆగి, అరచేత్తో తుడిచింది. గట్టిగానే తుడిచింది.

“సెలవుల్లోనే చెప్పి ఉండాల్సింది,” అంది.

“తెలుసు.”

“బాత్రూంలో తిన్నావా?”

“వానొచ్చినప్పుడే.”

పై అంతస్తు ఆవిడ పిండివంటల పెట్టెని ఎటు జరపాలో తెలియక ఒళ్ళోకి తీసుకుంది.

“క్లాసు ఎన్నింటికి?” అంది మిరాన్.

“తొమ్మిదింటికి.”

“సరే. నేనూ వస్తున్నా.”

“ఎక్కడికి, క్లాసుకా?” దాసోమ్ బిత్తరపోయింది. “ఎందుకమ్మా?”

మిరాన్ జాడీ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు మూత తీసింది. దొక్సూ మెల్లగా చెప్పులు తొడుక్కుని బయటికి జారుకున్నాడు. కాసేపటికి పై అంతస్తుల్లోంచి అతని కేక వినపడింది, “బట్టలూ, ఉతికే బట్టలూ.”

“ఎందుకొస్తావో చెప్పవా?” అని దాసోమ్ మళ్ళీ అడిగింది.

“నువ్వు ఒక్కదానివీ కూర్చుని తిన్న ఆ మెట్లు చూడాలి,” అని మిరాన్ తొడుగులు వేసుకుని, ఒక క్యాబేజీ ముందుకి లాక్కుని కూర్చుంది. కోటు విప్పలేదు. ఈసారి వీపు గోడకి ఆనించలేదు కూడా.